అమ్మ ఇంగ్లండ్ వచ్చింది: ఇక్కడి మనవాళ్ల బతుకు చూపించే సినిమాలు చెప్పండి

#1 సుజాత_రెడింగ్ · గురువారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది. ఆరు నెలల విజిటర్ వీసా. టికెట్లు దొరికింది నవంబర్‌కే, సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. నేనూ మావారూ ఆఫీసులకు, పాప స్కూలుకు వెళ్లిపోతే ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మొన్న కిటికీ దగ్గర నిలబడి "ఈ వీధిలో అసలు మనుషులుంటారా?" అని అడిగింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

మా పాపకు పద్నాలుగేళ్లు. ఇక్కడే పుట్టింది. అమ్మమ్మ మాట్లాడేదంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఆ ఇంగ్లీషు అమ్మకు అందదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమే, కానీ పది నిమిషాలు కూర్చుంటే మాటలు అయిపోతున్నాయి.

అందుకని శనివారం రాత్రి ముగ్గురం కలిసి ఒక సినిమా చూద్దామని పెట్టుకున్నాం. మన పాత తెలుగు సినిమాలైతే పాప మధ్యలో ఫోన్ తీస్తుంది. ఇక్కడి ఇంగ్లీషు సినిమాలైతే అమ్మ నిద్రపోతుంది. బ్రిటన్‌లో స్థిరపడ్డ భారతీయుల ఇళ్లలో జరిగే కథలు, ఇద్దరికీ ఎక్కేవి ఏమున్నాయి? అమ్మకు పాజ్ చేసి తెలుగులో చెబుతాను, ఆ పని నాది.

#2 గోపాలం_హౌన్‌స్లో · గురువారం రాత్రి 11:05

సుజాత గారూ, మొదటి వారానికి వేరే ఆలోచన వద్దు. 'బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్' పెట్టండి. 2002లో వచ్చింది, గురిందర్ చద్దా తీసింది. నేను పద్దెనిమిదేళ్లుగా హీథ్రో ఎయిర్‌పోర్టు పక్కన హౌన్‌స్లోలో ఉంటున్నాను, ఆ కథ జరిగేది మా ఊళ్లోనే. సినిమాలో ఇళ్ల మీదుగా విమానాలు పోతుంటాయి చూడండి, అది ఉన్నదున్నట్టే. మా ఇంట్లో ఫోన్ మాట్లాడుతూ విమానం వస్తే ఆగుతాం, అది దాటిపోయాక మళ్లీ మొదలుపెడతాం. ఇండియాలో ఉన్న మా అన్నయ్యకు కూడా అలవాటైపోయింది, అవతల ఆయన కూడా ఆగుతాడు.

కథ మీకు తెలిసే ఉంటుంది. జెస్ అనే సిక్కు అమ్మాయికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అక్క పెళ్లి హడావిడి ఒకపక్క, ఇంట్లో చెప్పకుండా టీమ్‌లో చేరడం ఇంకోపక్క. తల్లికేమో పిల్ల గుండ్రంగా రొట్టె చేయడం, కూర వండటం నేర్చుకోవాలి. ఆ మాటలు మీ అమ్మగారికి ఏ అనువాదమూ లేకుండా అర్థమవుతాయి.

ఒక్కచోట మాత్రం తప్పకుండా పాజ్ చేయండి. తండ్రి తన కథ చెప్పే చోట. నైరోబీలో కుర్రాడిగా ఉన్నప్పుడు గొప్ప ఫాస్ట్ బౌలర్. ఇంగ్లండ్ వచ్చాక ఇక్కడి క్లబ్బులు తలపాగా చూసి ఎగతాళి చేసి పంపేశాయి. అప్పటి నుంచి బంతి ముట్టలేదు. కూతుర్ని ఆపేది కోపంతో కాదు, తనకు తగిలిన దెబ్బ దానికి తగలకూడదనే భయంతో. ఆ పాత్ర అనుపమ్ ఖేర్ వేశారు. నేను హీథ్రోలో లగేజీ విభాగంలో పనిచేస్తాను, సినిమాలో ఆ తండ్రి ఉద్యోగం కూడా ఎయిర్‌పోర్టులోనే. డ్యూటీ దిగి ఇంటికొచ్చి సోఫాలో కూర్చునే తీరు చూస్తే మా పక్కింటి సర్దార్జీ గుర్తొస్తాడు.

ఇంకొకటి. జెస్ కాలి మీద కాలిన మచ్చ ఉంటుంది, షార్ట్స్ వేసుకోవడానికి సిగ్గుపడుతుంది. ఆ మచ్చ ఆ నటి పర్మిందర్ నాగ్రాకు చిన్నప్పటి నుంచీ నిజంగా ఉన్నదే. దాన్ని దాచకుండా కథలో కలుపుకున్నారు. మీ పాపకు చెప్పండి, ఆ వయసు పిల్లలకు ఇలాంటివి పట్టుకుంటాయి.

#3 నర్సంపేట_రమేష్ · శుక్రవారం ఉదయం 6:40

హైదరాబాద్ నుంచి రాస్తున్నా. అక్కా, పెద్దవాళ్లకు అయితే 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' ఎట్లా ఉంటది? 1995ది. మొదట్లోనే అమ్రీష్ పురి ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పావురాలకు గింజలు వేస్తూ పంజాబ్‌ను తలుచుకుంటాడు, ఆయనకు అక్కడ ఒక కొట్టు. మన తెలుగులో కూడా లండన్‌లో తీసినవి చాలా ఉన్నాయి. '1 నేనొక్కడినే', 'నాన్నకు ప్రేమతో', 'తొలిప్రేమ'. అమ్మకు భాష సమస్య ఉండదు కదా.

#4 కీర్తన_బర్మింగ్‌హామ్ · శుక్రవారం మధ్యాహ్నం 1:15

నేను ఇక్కడే పుట్టాను. తెలుగు టైప్ చేయడం నెమ్మది, తప్పులుంటే క్షమించండి.

రమేష్ అన్నా, మీరు చెప్పినవి నేనూ చూశాను, కొన్ని చాలా ఇష్టం. కానీ వాటిలో లండన్ అంటే బ్రిడ్జి, నది, ఎర్ర బస్సు. ఆ లండన్‌లో సోమవారం ఉండదు. బుధవారం రాత్రి చెత్త డబ్బా బయట పెట్టే మనిషి ఉండడు. పావురాల సీన్ నాకూ ఇష్టమే (అక్కడ వాటికి గింజలు వేయడం 2003లో నిషేధించారు, ఇప్పుడు వేస్తే జరిమానా). కానీ ఆ తండ్రి మనసంతా పంజాబ్‌లోనే ఉంటుంది, కథ కూడా సగంలో అక్కడికే వెళ్లిపోతుంది. సుజాత ఆంటీ అడిగింది ఇక్కడి ఇళ్ల గురించి. అవి ఇక్కడ పెరిగిన పిల్లలు తీసిన సినిమాల్లోనే ఉన్నాయి. ఎందుకంటే అమ్మానాన్నలు గదిలో మాట్లాడుకునేవి మెట్ల మీద కూర్చుని విన్నది వాళ్లే.

గురిందర్ చద్దా నైరోబీలో పుట్టి పడమటి లండన్‌లో సౌతాల్‌లో పెరిగింది. ఆమె మొదటి సినిమా 'భాజీ ఆన్ ది బీచ్', 1993. రాసింది మీరా స్యాల్, మా బర్మింగ్‌హామ్ వైపు ఆవిడే. బర్మింగ్‌హామ్ నుంచి ఒక మినీబస్సులో ఆడవాళ్లు బ్లాక్‌పూల్‌కు ఒక్కరోజు టూర్ వెళ్తారు. అంతే కథ. కానీ ఆ బస్సులో భర్త కొట్టడం భరించలేక ఇల్లు వదిలి, కొడుకుతో బయటకొచ్చిన గిందర్ ఉంది. మెడిసిన్ సీటు వచ్చి, గర్భవతినని అప్పుడే తెలుసుకున్న హషీదా ఉంది. షాపు కౌంటర్ వెనక జీవితమంతా నిలబడిపోయి, ఎప్పుడూ తలనొప్పితో ఉండే ఆశా ఉంది. జోహ్రా సెహగల్ కూడా ఉన్నారు, పెద్దావిడ పాత్రలో.

అందులో బొంబాయి నుంచి చూడ్డానికొచ్చిన రేఖ అనే ఆవిడ ఒకరు. మోడ్రన్ డ్రెస్సు, హీల్స్. బస్సులో పెద్దవాళ్లు ఈ కాలం పిల్లల్ని, మన సంస్కృతిని అంటూ ఉంటే, మీరు వదిలి వచ్చిన ఇండియా ఇప్పుడు అక్కడ లేదు, మీరే ఇరవై ఏళ్ల వెనక ఆగిపోయారు అని మొహం మీద చెబుతుంది. నేను పదహారేళ్లప్పుడు అది చూసి ఏడ్చాను. మా ఇంట్లో వోణీ, జడ, ఎవరితో మాట్లాడాలి అనే రూల్స్ అన్నీ మా అమ్మ విజయవాడ వదిలిన సంవత్సరం నాటివి. ప్రతి వేసవికీ విజయవాడ వెళ్తే మా పిన్ని కూతుళ్లు నాకంటే స్వేచ్ఛగా ఉండేవాళ్లు. ఎందుకో నాకు అప్పటిదాకా తెలియలేదు. అమ్మ చెడ్డది కాదు, పోగొట్టుకోకూడదని పట్టుకుంది. తను పట్టుకున్నది ఒక ఫొటో, ఊరు కాదు.

ఆంటీ, ఇది 15 సర్టిఫికెట్, అంటే పదిహేనేళ్లు నిండినవాళ్లకే. ముందు మీరు ఒక్కరే చూడండి.

#5 సుజాత_రెడింగ్ · శుక్రవారం రాత్రి 9:30

గోపాలం గారూ, రేపటికి మీరు చెప్పిందే ఖాయం. కీర్తనా, నీ తెలుగుకు ఏమీ తక్కువ కాలేదమ్మా. ఆ ఫొటో మాట చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. నేనూ పాపతో అదే చేస్తున్నానేమో.

'ఈస్ట్ ఈజ్ ఈస్ట్' గురించి ఆఫీసులో ఒకావిడ చెప్పింది, చాలా నవ్వొస్తుందట. అది ఎలా ఉంటుంది?

#6 లెస్టర్_శారద · శుక్రవారం రాత్రి 10:50

సుజాతా, ఆగు. నవ్వొస్తుంది, నిజమే. కానీ అది చూపించకముందు ఒక మాట. 1999 సినిమా, 15 సర్టిఫికెట్. అయూబ్ ఖాన్ దిన్ తన చిన్నతనం నుంచి రాసుకున్నది. 1971, మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్. పాకిస్తాన్ నుంచి వచ్చిన జార్జ్ ఖాన్, ఇంగ్లిష్ భార్య ఎల్లా, ఏడుగురు పిల్లలు, ఒక ఫిష్ అండ్ చిప్స్ కొట్టు. తండ్రి మసీదుకు వెళ్లగానే పిల్లలు సాసేజీలు వేయించుకు తింటారు, ఆయన వస్తున్నాడని తెలియగానే కిటికీలు తీసి వాసన పోగొడతారు. చిన్నవాడు సాజిద్ ఎప్పుడూ కోటు టోపీ లాక్కుని దాని లోపలే బతుకుతుంటాడు. అంతా సరదాగా పోతుంటే, ఒక్కసారి ఆ తండ్రి భార్యను కొడతాడు. థియేటర్లో నవ్వుతున్నవాళ్లంతా ఒక్క క్షణంలో ఆగిపోతారు. ఆ దెబ్బ మా పెద్దమ్మ ఇంట్లో విన్న చప్పుడే. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

అయినా గొప్ప సినిమా అంటాను. జార్జ్‌గా ఓంపురి. ఆయన ఆ తండ్రిని రాక్షసుడిగా చేయలేదు. పేపర్లో, రేడియోలో తూర్పు పాకిస్తాన్ యుద్ధం, వీధిలో వలసలు వద్దన్న నాయకుడు ఎనోక్ పావెల్ పోస్టర్లు, ఇంట్లో మాట వినని పిల్లలు. చేతిలోంచి అన్నీ జారిపోతున్న మనిషి. అమ్మగారికి ఓంపురిని 'అంకురం'లో చూసిన గుర్తుంటుంది, రేవతి పక్కన. "ఆయనే ఈయన" అని చెప్పు. కానీ పద్నాలుగేళ్ల పిల్లతో కూర్చుని కాదు. పాప పడుకున్నాక మీ ఇద్దరూ చూడండి.

ఇంకో సంగతి. జెస్ నాన్న నైరోబీ నుంచి ఎందుకొచ్చాడని అమ్మగారు అడుగుతారు చూడు, ఇండియా వాళ్లు ఆఫ్రికా ఎందుకు పోయారని. మా వీధి సగం ఆ కథే. 1896 మొదలు, మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు మార్గం వేయడానికి బ్రిటిష్ వాళ్లు ఇండియా నుంచి కూలీలను తీసుకెళ్లారు. వాళ్ల వెనకే దుకాణాలు, గుమస్తాలు, టీచర్లు. కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చాక అక్కడ వాళ్లకు పనులు కష్టమయ్యాయి, చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టులు. వాళ్లు రావడం మొదలుపెట్టగానే 1968లో బ్రిటన్ హడావిడిగా చట్టం చేసి తలుపు సగం మూసింది. 1972లో ఉగాండా పాలకుడు ఈదీ అమీన్ తొంభై రోజులు గడువిచ్చి అక్కడి మనవాళ్లందర్నీ వెళ్లగొట్టాడు. మా లెస్టర్ కౌన్సిల్ అయితే అక్కడి పేపర్లో ప్రకటన కూడా వేసింది, మా ఊరు నిండిపోయింది, రావద్దని. ఆ ప్రకటన చూసే లెస్టర్ అనే ఊరుందని తెలిసి వచ్చామని మా పక్కింటి గుజరాతీ బా (బామ్మ) చెబుతుంది. ఎడమ చేతికి రెండు గాజులే ఉంటాయి ఆవిడకు. మిగతావి కంపాలా నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారిలో సైనికులు లాక్కున్నారట. కొత్తవి కొనిస్తామని కొడుకులు ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోదు.

ఆ కంపాలా రోజులు మీరా నాయర్ 'మిస్సిసిపి మసాలా' మొదట్లో ఉన్నాయి. కథ తర్వాత అమెరికాకు వెళ్తుంది, అందుకని ఇక్కడ సాగదీయను.

#7 నర్సంపేట_రమేష్ · శనివారం ఉదయం 7:10

శారదక్కా, మంచి సంగతులు చెప్పినవ్. నాకొక అనుమానం. 'ఈస్ట్ ఈజ్ ఈస్ట్' పాకిస్తానీ ఇల్లు. ఇంతకు ముందు ఎవరో గ్రూపులో చెప్పిన 'మై బ్యూటిఫుల్ లాండ్రెట్' కూడా అంతే. 'బ్లైండెడ్ బై ది లైట్' కూడా పాకిస్తానీ పిల్లవాడే. వీటిని భారతీయ సంస్కృతి సినిమాలని ఎట్లా అంటాం? ఉన్నవేమో పంజాబీలవి. మన అమ్మలు వాటిలో తమను ఎట్లా చూసుకుంటారు?

#8 కీర్తన_బర్మింగ్‌హామ్ · శనివారం ఉదయం 10:25

రమేష్ అన్నా, ఇది అక్కడ కూర్చుని ఆలోచిస్తే ఒకలా, ఇక్కడ పెరిగితే ఒకలా ఉంటుంది. ఇక్కడ 'ఏషియన్' అంటే మనందరం. ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, ఆఫ్రికా మీదుగా వచ్చినవాళ్లు. స్కూల్ బస్సులో మా అన్న మీద ఉమ్మినవాడు ఏ ఊరని అడగలేదు. మా కాలనీలో మా అన్నను కాపాడుతూ అడ్డంగా నిలబడింది పాకిస్తాన్ వైపు మీర్పూర్ నుంచి వచ్చిన కుటుంబం అబ్బాయి.

'బ్లైండెడ్ బై ది లైట్' (2019, అదీ గురిందర్ చద్దాదే) చూడండి. 1987, లూటన్. జావేద్ నాన్న వాక్స్‌హాల్ కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటాడు, తల్లి రాత్రీ పగలూ కుట్టు మిషన్ మీద ఉంటుంది. జావేద్‌కు అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ క్యాసెట్లు ఇచ్చేది రూప్స్ అనే సర్దార్ కుర్రాడు. అక్క పెళ్లి ఊరేగింపు వెళ్లాల్సిన రోజే వీధిలో మనవాళ్లంటే పడని నేషనల్ ఫ్రంట్ పార్టీ వాళ్ల ర్యాలీ. ఆ కుట్టు మిషన్ చప్పుడు మా ఇల్లే. అమ్మ జిప్పులు కుట్టేది, సంచికి ఇంత అని. నాన్నకు చెప్పకుండా ఆ డబ్బుతోనే నా పియానో ఫీజు కట్టింది.

మీరన్న 'లాండ్రెట్' 1985ది. హనీఫ్ కురేషి రాశాడు. ఛానల్ 4 టీవీ కోసం 16 ఎంఎం సన్న ఫిల్మ్ మీద చవగ్గా తీశారు. ఎడిన్‌బరో ఫెస్టివల్‌లో అందరూ మెచ్చుకునేసరికి థియేటర్లకు వచ్చింది. అందులో తాగుడుకు అలవాటుపడ్డ నాన్నగా రోషన్ సేథ్. 'భారత్ ఏక్ ఖోజ్'లో నెహ్రూ ఆయనే. ఓ పాకిస్తానీ కుర్రాడికీ ఓ తెల్ల కుర్రాడికీ మధ్య ప్రేమకథ. అప్పట్లో మన పెద్దలు చాలా కోప్పడ్డారు. కానీ అంతవరకు తెర మీద మనం అంటే మంచి షాపు అంకుల్ లేదా పాపం బాధితులు. డబ్బు ఆశ, ప్రేమ, మోసం ఉన్న పూర్తి మనుషులుగా చూపించింది అదే. సుజాత ఆంటీ, అది మీ సినిమా. అమ్మమ్మది కాదు.

#9 మోడరేటర్ · శనివారం మధ్యాహ్నం 12:00

ఎవరి సంస్కృతి ఎవరిది అన్న చర్చకు వేరే థ్రెడ్ తెరిచాను. ఇక్కడ సినిమాలు, చూసిన అనుభవాలు కొనసాగించండి.

#10 రావుగారబ్బాయి_డార్లింగ్టన్ · శనివారం సాయంత్రం 4:35

రమేష్ గారూ, మన అమ్మలు తమను చూసుకునే సినిమా ఒకటుంది. ఇది కథ కాదు, డాక్యుమెంటరీ. 'ఐ ఫర్ ఇండియా', 2005. తీసింది సంధ్యా సూరి. ఈ మధ్య 'సంతోష్' తీసిన ఆవిడే. ఆమె నాన్న యశ్‌పాల్ సూరి డాక్టరు. 1965లో ఇంగ్లండ్ వచ్చి, రెండు సూపర్ 8 (ఇళ్లలో వాడే చిన్న ఫిల్మ్) కెమెరాలు, రెండు ప్రొజెక్టర్లు, రెండు టేప్ రికార్డర్లు కొన్నాడు. ఒక జత తన దగ్గర, ఒక జత ఇండియాలో ఇంటికి. ఇక నలభై ఏళ్లు ఉత్తరాలకు బదులు రీళ్లు. ఇటు నుంచి మంచు, కొత్త ఇల్లు, పిల్లల పుట్టినరోజులు. అటు నుంచి పెళ్లిళ్లు, పండగలు, ఎప్పుడొస్తావురా అనే తల్లి గొంతు. ఆ రీళ్లనే కూతురు పేర్చి సినిమా చేసింది. మధ్యలో వాళ్లు సామాన్లన్నీ సర్దుకుని ఇండియా వెళ్లిపోతారు, అక్కడ కుదురుకోలేక నెలల్లో తిరిగొస్తారు. చివరకు ఆయన కూతురొకతె ఆస్ట్రేలియా వెళ్లిపోతుంది. ఎయిర్‌పోర్టులో నిలబడే వంతు ఇప్పుడు ఆయనది.

నేను ఎందుకింత చెబుతున్నానంటే, వాళ్ల కుటుంబం ఉన్న ఊరు డార్లింగ్టన్. మాదీ అదే.

మా నాన్న గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1971లో వచ్చారు. ఆ రోజుల్లో ఇక్కడి ఆసుపత్రులు, ముఖ్యంగా ముసలివాళ్ల వార్డులు, మానసిక వైద్యం, చిన్న ఊళ్ల ఆసుపత్రులు మన డాక్టర్ల మీదే నడిచాయి. 1960 నుంచి 63 వరకు ఆరోగ్య మంత్రి ఎనోక్ పావెల్. శారద గారు చెప్పిన పోస్టర్లలోని మనిషే. ఆయన శాఖ కిందే కామన్‌వెల్త్ దేశాల డాక్టర్లు, నర్సులు వచ్చి చేరారు. 1968లో బర్మింగ్‌హామ్‌లో నిలబడి వలసల మీద విషం కక్కిందీ ఆయనే.

మాకు కెమెరా కొనే స్తోమత లేదు. మా నాన్నవి క్యాసెట్లు. ఎవరైనా గుంటూరు వెళ్తుంటే ఒకటి పంపేవారు, వచ్చేవాళ్ల చేత ఇంకోటి వచ్చేది. నాన్న పోయాక బీరువాలో బూట్ల పెట్టె నిండా దొరికాయి, నలభై ఒకటి. కొన్నిటిలో టేపును హెడ్డుకు ఆనించే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయింది. టేపును తీసి మరో క్యాసెట్ పెట్టెలోకి మార్చి, ఒక్కొక్కటీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఒక చలికాలమంతా పట్టింది.

మొదటి క్యాసెట్. బ్రాడీపేటలో మా నాన్నమ్మ. "ఒరేయ్, తింటున్నావా?" అంటుంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడదు. మెషీన్‌తో ఏం మాట్లాడాలో తెలియక. వెనక పాలవాడి సైకిల్ బెల్లు. ఎవరో పిల్లవాడు ఎక్కాలు చదువుతున్నాడు, పదమూడో ఎక్కం. బాబాయి "మాట్లాడమ్మా, టేపు తిరుగుతోంది" అంటాడు. "ఉండరా, చారు పొంగుతోంది" అని లేచి వెళ్లిపోతుంది. పొయ్యి మీద గిన్నె దించిన చప్పుడు. మళ్లీ వచ్చి కూర్చుని, "ఇక్కడంతా బాగానే ఉన్నాం" అంటుంది.

నాన్న పంపినవి బాబాయి దాచిపెట్టి నాకిచ్చారు. వాటిలో నాన్న మంచు గురించి, టమాటా సూపు గురించి, ఈ ఏడు కాదు గానీ వచ్చే ఏడు తప్పక వస్తాననీ చెబుతారు. ఆయన పనిచేసిన ఆసుపత్రిలో తనకంటే వెనక చేరినవాళ్లను వరుసగా పైకి పంపి ఆయన్ను ఎనిమిదేళ్లు అదే గ్రేడులో ఉంచారు. అది ఆయన రిటైరయ్యాక అమ్మ మాకు చెప్పింది. క్యాసెట్లలో ఆ ఊసే లేదు. ఆయన పంపిన ఒక్క క్యాసెట్‌లో కూడా లేదు.

ఆ సినిమా చూసిన రాత్రి నేను ఆ బూట్ల పెట్టె మళ్లీ తీశాను. పంజాబీల కథ, గుజరాతీల కథ అంటాం. మనవాళ్ల కథ కూడా ఉంది, పెట్టెల్లో పడి ఉంది. ఎవరింట్లోనైనా సూపర్ 8 రీళ్లు, వీడియో క్యాసెట్లు ఉంటే పారేయకండి. ఈ దేశంలో ప్రాంతానికో ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. మాంచెస్టర్‌లో నార్త్ వెస్ట్ ఫిల్మ్ ఆర్కైవ్, లింకన్‌లో మిడ్‌లాండ్స్‌ది, యార్క్‌షైర్‌ది. ఇళ్లలో తీసుకున్న ఫిల్ములు కూడా వాళ్లు భద్రపరుస్తారు. అడగండి.

#11 వేణు_ఈస్ట్‌హ్యామ్ · శనివారం రాత్రి 11:50

నైట్ డ్యూటీ బ్రేక్‌లో చదివాను. రావు గారబ్బాయి గారూ, చారు పొంగిన దగ్గర ఫోన్ పక్కన పెట్టేశాను.

నేను 2022లో నల్లగొండ నుంచి మాస్టర్స్‌కు వచ్చాను. చదువయ్యాక ఇక్కడే పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా మొదలైన మరుసటి ఏడు. ఒక ఇంట్లో తొమ్మిది మందిమి, గదికి ముగ్గురం. పగలు క్లాసు, రాత్రి కేర్ హోమ్. తొంభై ఏళ్ల ఇంగ్లిష్ తాతకు స్నానం చేయించి, మా నాన్నకు ఒక్కసారి కూడా చేయని సేవ చేసి, తెల్లవారి బస్సులో ఇంటికొచ్చేటప్పుడు ఏదో అవుతుంది. అమ్మకు ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పార్ట్ టైమ్ అని చెప్పాను.

మీరు చెప్పిన సినిమాలన్నీ ఇల్లు, పెళ్లి, రెండో తరం. మాకింకా ఇల్లు లేదు. నాకు దగ్గరగా అనిపించింది అసలు ఇండియన్ సినిమా కూడా కాదు. 'డర్టీ ప్రెట్టీ థింగ్స్', 2002. లాండ్రెట్ తీసిన స్టీఫెన్ ఫ్రియర్స్‌దే. సొంత దేశంలో డాక్టరైన ఓక్వే అనే నైజీరియా మనిషి పగలు టాక్సీ తోలి, రాత్రి హోటల్ రిసెప్షన్‌లో కూర్చుంటాడు. నిద్ర రాకుండా ఏదో ఆకు నములుతుంటాడు. ఊరంతా నిద్రపోయాక మేలుకుని పనిచేసే లండన్ అది. తెల్లవారుజామున నైట్ బస్సులో వెళ్లేవాళ్లంతా మేమే.

#12 లెస్టర్_శారద · ఆదివారం ఉదయం 8:15

వేణూ, నాన్నా, నువ్వు చెప్పింది చదివి మనసు పాడైంది. ఈ పంజాబీ, పాకిస్తానీ సినిమాలు వచ్చినవి ఎప్పుడో చూడు. వాళ్ల నాన్నలు యాభైల్లో, అరవైల్లో వచ్చారు. సౌతాల్‌లో రబ్బరు ఫ్యాక్టరీలో, బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో నైట్ షిఫ్టులు చేశారు. ఒకడు పడుకుని లేచిన మంచంలో ఇంకొకడు పడుకునేవాడు. వాళ్లు కూడా ఇంటికి నిజం రాయలేదు. ఆ కథలు తెర మీదికి రావడానికి పాతికేళ్లు పట్టింది, అప్పటికి పిల్లలు పెరిగి అడిగారు కాబట్టి. నువ్వు ఇప్పుడే రాసిపెట్టుకో. ఆ బస్సు నంబరుతో సహా.

అమ్మకు నిజం చెప్పు. ముసలివాళ్లకు స్నానం చేయిస్తున్నానంటే ఏ తల్లీ చిన్నబుచ్చుకోదు. లెస్టర్ వచ్చినప్పుడు మా ఇంటికి రా, పప్పు, గోంగూర ఉంటాయి.

#13 గోపాలం_హౌన్‌స్లో · ఆదివారం ఉదయం 9:00

సౌతాల్ మాట వచ్చింది కాబట్టి, వేణూ, ఓ ఆదివారం వెళ్లి హిమాలయా ప్యాలెస్ చూడు. 1929లో కట్టిన సినిమా హాలు. ముందు భాగం చైనా గుడిలా రంగురంగుల డ్రాగన్లతో ఉంటుంది. నేను వచ్చిన కొత్తలో అక్కడ హిందీ సినిమాలు ఆడేవి. వారమంతా ట్రాలీలు తోసి, ఆదివారం ఆ సీట్లో కూర్చుంటే ఎవరూ మన వంక చూసేవాళ్లు కాదు, అందరూ మనలాంటివాళ్లే. 2010లో సినిమాలు ఆగిపోయాయి. ఇప్పుడు లోపల బట్టల కొట్లు. తల పైకెత్తితే పాత సీలింగు ఇంకా కనిపిస్తుంది.

సుజాత గారూ, రాత్రి సినిమా ఏమైంది?

#14 సుజాత_రెడింగ్ · ఆదివారం మధ్యాహ్నం 3:10

చెప్పాలనే కూర్చున్నాను. పొద్దుటి నుంచి తీరిక దొరకలేదు.

మొదటి అరగంట అమ్మ సినిమా చూడలేదు, ఇల్లు చూసింది. "ఆ సోఫా మీద ప్లాస్టిక్ కవరు తీయలేదే", "గోడకు వాళ్ల గురువుగారి పటం ఎంత పెద్దదో", "ఆవిడ పప్పు డబ్బాలు మనలాగే సర్దుకుందే". జెస్ తల్లి కేకలేస్తుంటే "ఆవిడ చెప్పేదాంట్లో తప్పేముంది?" అంది. పాప కళ్లెర్రజేసి నా వైపు చూసింది. సరే, అయిపోయింది అనుకున్నాను.

గోపాలం గారు చెప్పిన చోట పాజ్ చేశాను. తండ్రి బౌలింగ్ సంగతి తెలుగులో చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనూ ఆడేదాన్ని" అంది.

నాకు నలభై మూడేళ్లు. ఈ మాట ఎప్పుడూ వినలేదు. తెనాలిలో గర్ల్స్ హైస్కూల్లో అమ్మ బాల్ బ్యాడ్మింటన్ ఆడేదట. జిల్లా పోటీలకు స్కూలు తరఫున గుంటూరు వెళ్లిందట. ఓణీ వేసుకున్న ఏడాది తాతయ్య ఇక చాలన్నారట. "మా నాన్న తిట్టలేదు. బ్యాటు తీసుకెళ్లి అటక మీద పెట్టారు, అంతే" అంది. పాప నన్ను అనువాదం చేయమనలేదు. "అటక అంటే?" అని నేరుగా అమ్మమ్మను అడిగింది, తెలుగులోనే. అమ్మ లేచి వంటింట్లోంచి పెద్ద గరిటె తెచ్చి, పసుపు ఉన్ని బంతి ఎలా వస్తుందో, మణికట్టు ఎలా తిప్పాలో చూపించింది. మోకాళ్ల నొప్పులని మెట్లెక్కని మనిషి హాల్లో అటూ ఇటూ నాలుగడుగులు వేసింది. సినిమా ఇరవై నిమిషాలు అలాగే ఆగిపోయి ఉంది తెర మీద.

చివర్లో, ఫైనల్ అయ్యాక అక్క పెళ్లికి పరుగెత్తాలని డ్రెస్సింగ్ రూమ్‌లో టీమ్ అమ్మాయిలు జెస్‌కు చీర కడతారు కదా. ఒక్కరికీ రాదు, అందరూ తలో చెయ్యి వేస్తారు. అమ్మ టీవీకి చెప్పడం మొదలుపెట్టింది, "కుచ్చిళ్లు ఎడమ వైపుకు, ఎడమ వైపుకు" అని. పొద్దున లేచేసరికి పాప గదిలో అమ్మ చీర పరిచి ఉంది, ఇద్దరూ కడుతున్నారు. అందుకే ఇంత ఆలస్యం.

వచ్చే వారం 'బ్లైండెడ్ బై ది లైట్' అని పాపే తేల్చేసింది. 'ఐ ఫర్ ఇండియా' ఎలాగైనా సంపాదిస్తాను, అది నలుగురం చూస్తాం.

రావుగారబ్బాయి గారూ, ఒక సాయం. అమ్మ మార్చిలో వెళ్లిపోతుంది. ఆ హైస్కూలు కబుర్లు రికార్డు చేద్దామని ఇందాక ఫోన్ ఎదురుగా పెట్టి "చెప్పమ్మా" అంటే బిగుసుకుపోయింది. "ఏముంది చెప్పడానికి, బాగానే గడిచింది" అని లేచిపోయింది. ఎలా చేయాలి?

#15 రావుగారబ్బాయి_డార్లింగ్టన్ · ఆదివారం సాయంత్రం 5:45

ఫోన్ ఎదురుగా పెట్టకండి. రికార్డింగ్ ఆన్ చేసి వంటింట్లో పోపుల డబ్బా పక్కన పెట్టేయండి, ఆవిడకు ముందే చెప్పి. మీరు ఎదురుగా కూర్చోవద్దు, చిక్కుడుకాయలు ఒలుస్తూ పక్కన కూర్చోండి. పాపను అడగనివ్వండి, మీరు అడిగితే మీకు తెలిసిన జవాబులే వస్తాయి. కుక్కర్ విజిల్ వచ్చినా, మధ్యలో లేచి వెళ్లినా ఆపకండి. తర్వాత కూడా ఆ ముక్కలు కత్తిరించకండి. మా నలభై ఒక్క క్యాసెట్లలో నేను ఎక్కువసార్లు విన్నది ఆ చారు గిన్నె దించిన చప్పుడే.